అత్త ఉప్పు కాపడం

మా మేనత్త పోయిందని ఆమె ఊరు రావల్కోల్ నుంచి ఫోన్ వచ్చేసరికి నేను తుర్కపల్లి వెళ్లే కంపెనీ క్యాబ్‌లో ఉన్నాను. దారిలోనే దిగిపోయాను. అప్పటినుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను. ఇది రాస్తూ కూడా రెండుసార్లు లేచాను.

ఊళ్లో ఎవరికి నడుం పట్టినా అత్తే దిక్కు. గళ్లుప్పు వేయించి, పాత చీరముక్కలో మూటగట్టి, ముందు తన చెంపకు ఆనించి చూసుకునేది. ఆ తర్వాతే మన ఒంటికి. "కాలుతాందా బిడ్డా?" అని అడిగేది. అవునంటే నవ్వేది. "గంత కాలకపోతే నొప్పెట్ల పోతదే?"

ఆమెకే వెన్నుపూస విరిగితే డాక్టరు నల్లమందు జాతి మందున్న పట్టీ రాశాడు, వీపుకు అంటించాలి. ఓ మధ్యాహ్నం ఆమెను చూడ్డానికి వెళ్లాను. "గీ పట్టీ ఏం పని జేస్తలేదు, జర కాపడం పెట్టు" అంది. పట్టీ మీదే పెట్టాను. వేడికి మందు ఎక్కువెక్కువగా ఒంట్లోకి దిగుతుందని నాకు తెలియదు. పనిచేసేది మందుల కంపెనీలో, అదీ డబ్బాలకు హెచ్చరికల చీటీలు అంటించే చోట! కాసేపటికి అత్త ఊపిరి మందగించింది, పెదాలు నీలంగా మారాయి.

ఆస్పత్రిలో బతికింది. ఐదోరోజు ఇంటికొచ్చి, పప్పులో ఉప్పు తక్కువైందని కోడల్ని తిట్టింది కూడా. మొక్కు తీర్చుకున్నాం. "ఊపిరి తగ్గినప్పుడు మెదడుకు తగిలిన దెబ్బ వారాల తర్వాత కూడా బయటపడొచ్చు, మార్పు కనిపిస్తే వెంటనే తీసుకురండి" అన్న డాక్టరు మాట ఆ సంబరంలో కొట్టుకుపోయింది.

మూడో వారం మాట తగ్గింది. పిలిస్తే పలకదు. "ముసలితనం గదా" అన్నాడు కొడుకు. "నా మీద అలిగినట్టున్నది" అంది కోడలు. నేనేమో నా మీదే అలిగిందనుకున్నాను. అలా వారం పోగొట్టుకున్నాం. నడక తడబడి పడిపోయాకే ఆస్పత్రికి పరుగెత్తాం. ముందే తెస్తే కోలుకునేదా అని డాక్టర్ని అడిగాను. "చెప్పలేను" అన్నాడు. ఆ మాటే నన్ను కూర్చోనివ్వడం లేదు. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఇలాంటి గండం గడిచి వస్తే, దయచేసి వాళ్ల మౌనాన్ని అలక అనుకోకండి.

చివరిసారి అత్త ఇంటికి వెళ్లినప్పుడు నన్ను గుర్తుపట్టలేదు. మంచం పక్కన ఏడుస్తూ కూర్చున్నాను. దిండు దగ్గరున్న పాత ఉప్పు మూటను తడిమి తీసింది. చల్లటి మూట. చెంపకు ఆనించి చూసుకుని, నా భుజం మీద పెట్టింది.

"కాలుతాందా బిడ్డా?"

పది రోజుల మౌనం తర్వాత అదే మొదటి మాట.

"కాలుతాందత్తా" అన్నాను. నవ్వుతుందేమోనని చూస్తూ కూర్చున్నాను.