మూడు గేర్లూ వెనక్కే

ఆదివారం ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు నేను ఒక గేరుపెట్టెకు మూత బిగించాను. ఎనిమిది బోల్టులు. ఒక్కటీ మిగల్లేదు, ఒక్కటీ తక్కువ కాలేదు. విడగొట్టిన యంత్రాన్ని తిరిగి కూర్చినవాళ్ళకు ఆ తృప్తి తెలుసు. తెలియనివాళ్ళకు చెప్పాలంటే, వచ్చిన చుట్టాలకూ వేసిన విస్తళ్ళకూ లెక్క సరిపోయినట్టు ఉంటుంది.

ఆ మూత కింద నేనేం చేశానో నాకు పదకొండున్నరకు తెలిసింది. యాంగోన్ నగరం అహ్లోన్‌లో మా పేటంతటికీ పదకొండు గంటల ముప్పై రెండు నిమిషాలకు తెలిసింది.

మాది ముగ్గురు మనుషుల సరదా. మూతబడ్డ ఒక బియ్యం మిల్లు వెనక రేకుల షెడ్డులో, ఎప్పటివో పాత తోట ట్రాక్టర్లను బాగుచేసేవాళ్ళం. తోట ట్రాక్టరంటే పొలం దున్నేది కాదు. పెద్ద పెద్ద తోటల్లో గడ్డి కోయడానికి, రోలరు లాగడానికి వాడే చిన్న బండి. మేక కంటే పెద్దది, ఎద్దు కంటే చిన్నది. మొండితనంలో మాత్రం రెండింటినీ కలిపినంత.

మాలో అసలు మెకానిక్ శామ్యూల్ ఒక్కడే. బోటాటౌంగ్ పేటలో బస్సులు బాగుచేస్తాడు. ఆదివారం పొద్దున చర్చిలో పాడి, అదే చొక్కాతో షెడ్డుకొచ్చి గ్రీజు పూసుకుంటాడు. రెండోవాడు అప్పల్సామి మావ. డెబ్బై ఆరేళ్ళు. ఊరి ఉత్తరాన ఒక క్లబ్బులో నలభై ఏళ్ళు తోటమాలి. మూడోవాణ్ణి నేను. బడిలో పాఠాలు చెప్పి విరమించాను కాబట్టి ఇద్దరూ నన్ను బర్మావాళ్ళలాగే "సయా" అనేవారు, అంటే మాష్టారు. షెడ్డులో నా పని చదవడం. ఏ దేశంలోనో ఎవరో దాచుకున్న పాత మాన్యువళ్ళు ఫోనులోకి దింపి, కాగితాల మీద అచ్చు తీయించి, గట్టిగా చదివి వినిపించేవాణ్ణి.

"సయా సదివితే బండి కదల్దు. కానీ సదవకపోతే మనకి తోచదు" అనేవాడు శామ్యూల్.

ఈ కథలోని బండి అప్పల్సామి మావ క్లబ్బులో నడిపిందే. కొత్త యంత్రాలు వచ్చాక క్లబ్బువాళ్ళు దాన్ని పారేస్తుంటే అడిగి తెచ్చుకున్నాడు. మా దగ్గరికి ఒక చట్రం, మూడు గోనెసంచుల ముక్కలుగా చేరింది. రెండేళ్ళు పట్టింది. రంగు గురించే రెండు నెలలు పోట్లాడుకున్నాం.

"ఆకుపచ్చే ఉండేది" అన్నాను కాగితం చూసి.

"ఆకుపచ్చే గానీ ఈ ఆకుపచ్చ కాదు. తడిసిన గడ్డి రంగు" అన్నాడు మావ.

"తడిసిన గడ్డి అని అడిగితే కొట్టువోడు నన్ను తంతాడు మావా" అన్నాడు శామ్యూల్.

వెనక్కి వెళ్ళే గేరు పళ్ళు మాత్రం పూర్తిగా అరిగిపోయి ఉన్నాయి. కొత్తది దొరకలేదు. దాన్ని తీసేసి పక్కన పెట్టాం. "తోట పనిలో ఎనక్కెల్లేదేటి? ఎప్పుడూ ముందుకే" అన్నాడు మావ. ముగ్గురం తలలూపాం. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

తొందర ఎందుకు వచ్చిందంటే, మావ గుండెకు ఆపరేషను పడింది. ఆ ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఆసుపత్రిలో చేరాలి. మర్నాడు కోత. ఈ వయసులో గట్టిగా ఏమీ చెప్పలేమన్నారు డాక్టర్లు. మావ ఆ మాట నాకు చెప్పి, వెంటనే ఇంకో సంగతి అడిగాడు.

"ఒక్కపాలి సయా. షెడ్డు కాడ్నించి మా గుమ్మం దాకా. ఈ బండి మీద నన్ను పైడమ్మ సూడాల."

పైడమ్మ అత్త ఆయన భార్య.

"ఇన్నేళ్ళలో ఒక్కసారీ చూడలేదా?"

"గేటు లోపలికి ఇంటోళ్ళని రానియ్యరు కదేటి. బండెక్కితే నాను రాజానాగుంటానే అని సెప్తే నవ్వేది. గడ్డి కోసేవోడివి, రాజువేటి అనేది. ఒక్కపాలి సూపించీసి ఎల్లిపోతాను."

ఆదివారానికి బండి కదలాలని ఆ పూటే శామ్యూల్‌కు ఫోను చేశాను.

శనివారానికి గేరుపెట్టె ఒక్కటే మిగిలింది. అందులో క్రౌన్ అనే పళ్ళెమంత పళ్ళచక్రం ఒకటి ఉంటుంది. ఇంజను తిరుగుడును అదే వెనక చక్రాలకు అందిస్తుంది. శామ్యూల్ ఫోను చేసి చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. "సయా, క్రౌను నువ్వు ముట్టుకోకు. చర్చి అవగానే వచ్చి నేను పెడతాను."

ఆదివారం చర్చి తర్వాత విందుందని నాకు తెలుసు. విందులో శామ్యూల్ ఎంతసేపు కూర్చుంటాడో కూడా తెలుసు. నా దగ్గర బొమ్మ ఉంది. బొమ్మలో చక్రం ఎడమ పక్క ఉంది. నేను ఎడమ పక్కే పెట్టాను. చక్కగా కూర్చుంది. అన్యాయమేమిటంటే, ఆ చక్రం కుడి పక్క పెట్టినా అంతే చక్కగా కూర్చుంటుంది. ఇలాంటి చక్రాన్ని తయారుచేసినవాడు మాష్టార్లను ఎరగడు.

శామ్యూల్ విందు మానేసి పదకొండింటికే వచ్చాడు. మూత చూశాడు, నన్ను చూశాడు.

"పెట్టీసావా?"

"బొమ్మలో ఉన్నట్టే పెట్టాను."

విప్పి చూద్దామనుకున్నాడు. గడియారం చూసి మానుకున్నాడు. వెనక చక్రాలు ఎత్తి ఇటుకల మీద నిలిపి ఇంజను వేశాం. మూడో లాగుడుకు అందుకుంది. గేరు వేస్తే చక్రాలు తిరిగాయి. శామ్యూల్ చప్పట్లు కొట్టాడు. నేనూ కొట్టాను. మావ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు. చక్రాలు తిరిగాయన్నది ముగ్గురం చూశాం. ఎటు తిరిగాయన్నది ఒక్కడూ చూడలేదు.

బండిని దించి, ముక్కు తలుపు వైపు పెట్టాం. మావ ఉతికిన తెల్లచొక్కా, గళ్ళ లుంగీలో ఎక్కి కూర్చున్నాడు. వీపు నిటారుగా పెట్టాడు. నిజంగానే రాజులా ఉన్నాడు. మొదటి గేరు వేసి క్లచ్చి వదిలాడు.

బండి గంభీరంగా వెనక్కి నడిచి ఊక బస్తాల్లో దూరింది.

"మావా, ముందుకి!" అరిచాడు శామ్యూల్.

"ముందుకే ఏసినాన్రా!"

"రెండోది వెయ్యి!"

రెండో గేరులో ఇంకా వేగంగా దూరింది. మూడోది వేస్తే బస్తాలు దాటి గోడను తట్టింది. మావ ఇంజను ఆపి, నెత్తి మీది ఊక దులుపుకున్నాడు. శామ్యూల్ నా వైపు తిరిగాడు.

"సయా, ఆ బొమ్మ బండికి ముందు నిలబడి గీసినాడా, ఎనక నిలబడా?"

నేను కాగితం తీశాను. బొమ్మ కింద చీమల్లాంటి అక్షరాల్లో ఉంది, వెనుక నుంచి చూసినప్పుడు అని. నేను బండి ముందు నిలబడి బిగించాను. జీవితమంతా పిల్లలకు ప్రశ్న పూర్తిగా చదివి జవాబు రాయమని చెప్పినవాణ్ణి.

"మూడు గేర్లూ ఎనక్కే. ముందుకి ఎల్లేది ఆ అరిగిపోయిన గేరొక్కటే. దాన్ని పీకి పారేసినాం" అన్నాడు శామ్యూల్, రోగం పేరు చెప్పే డాక్టరులా. "విప్పి, నూనె తీసి, తిప్పి పెట్టి, మళ్ళీ బిగించాలంటే చీకటి పడిపోద్ది."

నాకు ఏడుపొచ్చింది. "మావా, నన్ను క్షమించు" అన్నాను.

మావ స్టీరింగు మీది ఊక కూడా తుడిచాడు. తర్వాత అన్నాడు:

"ఎల్తాది కదా?"

"వెళ్తుంది. వెనక్కి."

"ఎల్తే సాలు. తిప్పండి బండి."

శామ్యూల్, నేను ముక్కు ఎత్తి తిప్పాం. బండి తోక తలుపు వైపు వచ్చింది. అలా బయల్దేరాం.

మావకు మెడ పట్టేసి చాలా ఏళ్ళయింది. వెనక్కి తిరిగి చూడలేడు. కాబట్టి నేను బండికి ముందు, అంటే వెనక, నడుస్తూ దారి చెప్పాలి.

"ఎడమకి, మావా!"

"నీ ఎడవా, నా ఎడవా?"

"నీ ఎడమ!"

"బండికా, నాకా?"

"ఇద్దరిదీ ఒకే ఎడమ కదా!"

"మరి నీకెందుకంత కంగారు?" అంటూ తిప్పాడు. బండి టీకొట్టు బల్లల వైపు వెళ్ళింది. చిన్న స్టూళ్ళ మీద కూర్చున్నవాళ్ళు కప్పులతో సహా లేచారు. అప్పటినుంచి కుడి ఎడమలు మానేసి, "టీకొట్టు వైపు", "మందుల షాపు వైపు" అని అరుస్తూ నడిచాను.

పెద్దవీధి ఒకే దిక్కు దారి. మేం సరైన దిక్కునే వెళ్తున్నాం. బండి ముక్కు మాత్రం తప్పు దిక్కుకు ఉంది. ట్రాఫిక్ పోలీసు చెయ్యెత్తి ఆపాడు. మావ క్లచ్చి తొక్కి నిలపగానే పోలీసు చుట్టూ తిరిగి చూశాడు.

"ఊలే, ఇటు రాకూడదు. ఒకే దిక్కు దారి" అన్నాడు బర్మా భాషలో. ఊలే అంటే బాబాయి, మావయ్య, పెద్దమనిషి, అన్నీ.

"ఇటు రావడం లేదు బాబూ, అటు పోతన్నాను" అన్నాడు మావ, అదే భాషలో.

"బండి ఇటు చూస్తోంది కదా?"

"సూత్తాది గానీ, రాదు."

పోలీసు నన్నూ శామ్యూల్‌నూ చూశాడు. శామ్యూల్ నన్ను వేలితో చూపించాడు. "ఈ సయా పుస్తకం చదివి బిగించాడు సార్." ఇంకేం చెప్పక్కర్లేకపోయింది. పోలీసు నవ్వు ఆపుకోలేక ముఖం పక్కకు తిప్పుకున్నాడు. మావకు సాయంత్రం ఆసుపత్రి సంగతి చెప్పాం. అప్పుడు నవ్వడం మానేసి, ఈలవేసి బస్సును ఆపి, మా సందు మొగ దాకా తనే మాకు దారి చేశాడు.

సందులోకి తిరిగేసరికి పేట మొత్తం గుమ్మాల్లో ఉంది. పైడమ్మ అత్త పట్టుచీర కట్టుకుని, బుగ్గలకు బర్మా ఆడవాళ్ళలా తనకా చెక్క గంధం పూసుకుని, హారతి పళ్ళెంతో నిలబడింది. ఆమెకు మొదట కనిపించింది నేను. ఆ తర్వాత మావ వీపు.

"ఓలమ్మ, ఇదేటి!" అంది. "నలబయ్యేళ్ళు పొద్దున్నే పనికెల్తుంటే నీ ఈపే సూసినాను. ఇయ్యాల బండెక్కి కూడా ఈపే సూపిస్తన్నావేటి?"

సందంతా గొల్లున నవ్వింది. నేను గోడకు అతుక్కుపోయాను. పేటలో ఉన్న నేల అంతా ఒక్కసారి నోరు తెరిచి నన్ను మింగినా కాదనేవాణ్ణి కాదు.

అక్కడ బండి ఆపుదామని మావ బ్రేకు తొక్కాడు. ఈ రెండేళ్ళలో బ్రేకు సంగతి చూడవలసింది కూడా నేనే. బండి సందు పల్లానికి నెమ్మదిగా గుమ్మం దాటిపోయింది. దాటిపోతుంటే వీపు వెళ్ళిపోయి, మావ ముఖం అత్తకు ఎదురుగా వచ్చింది. అలాగే దూరమవుతూ వెళ్ళాడు, ఆమె వైపే చూస్తూ. స్టీరింగు మీంచి ఒక చెయ్యి తీసి ఎత్తాడు.

అత్త నవ్వడం ఆపింది. పళ్ళెం పక్కింటామె చేతిలో పెట్టి, తనూ చెయ్యెత్తింది. బండి సందు చివర కరెంటు స్తంభానికి ఆని ఆగేదాకా అలాగే నిలబడింది.

"సూసినావా?" అరిచాడు మావ అక్కడినుంచి.

"సూసినాను" అంది. ఆ తర్వాత మా వైపు తిరిగి, "రాజానాగే ఉన్నాడు" అంది.

మర్నాడు ఆసుపత్రిలో మావను చక్రాల కుర్చీలో ఆపరేషను గది వైపు తోస్తుంటే, ఆయన చెయ్యడ్డం పెట్టి ఆపాడు. "నన్ను ఎనక్కి తిప్పి లాక్కెల్లు బాబూ" అన్నాడు. తోసే మనిషి, పెద్దాయన భయపడి పారిపోతున్నాడనుకుని నర్సును పిలిచాడు. నర్సు మమ్మల్ని అడిగింది. శామ్యూల్ నా వైపు వేలు చూపించాడు, అలవాటుగా. నేనే వివరించాను. యాంగోన్ ఆసుపత్రి వసారాలో నిలబడి, గేరుపెట్టెలో పళ్ళచక్రం ఎటు ఉండాలో ఒక నర్సుకు చెప్పిన మాష్టారు నేనొక్కణ్ణే అయి ఉంటాను. ఆమె విని కుర్చీ తిప్పింది. తలుపులు మూసుకునేదాకా మావ అత్త వైపు చూస్తూనే వెళ్ళాడు.

ఆపరేషను బాగా జరిగింది. మూడు నెలల తర్వాత శామ్యూల్ రెంచి పట్టుకుని, "సక్రం తిప్పి పెట్టీద్దామా అత్తా?" అని అడిగితే, ఆమె మండిపడింది. "ఒగ్గీయండి. దాన్ని ముట్టుకున్నారంటే సేతులిరిసేత్తాను."

అలా రెండేళ్ళు, ప్రతి ఆదివారం పదకొండున్నరకు, అప్పల్సామి మావ ఆ సందులో వెనక్కి వెళ్ళాడు. బ్రేకు నేను బాగుచేయలేదు. శామ్యూల్ చేశాడు. కానీ గుమ్మం ముందు మావ దాన్ని ఎప్పుడూ తొక్కలేదు.

పోయిన వానాకాలంలో మావ నిద్రలోనే పోయాడు.

కాబట్టి పెద్దలందరి ముందు ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ బొమ్మనూ చూసి ఏ యంత్రాన్నీ బిగించను. గడియారంలో సెల్లు మార్చాలన్నా శామ్యూల్‌నే పిలుస్తాను. నేను చేసిన తప్పు మళ్ళీ చేయను. చేసినా అంత బాగా రాదు.

షెడ్డుకు ఇప్పటికీ వెళ్తాం, శామ్యూల్, నేను. వేరే బండి ఒకటి ముక్కలుగా ఉంది. పైడమ్మ అత్త ఆదివారాలు గుమ్మంలోకి రావడం మానేసింది.