పెద్దబండి ముగ్గు

మా మేనత్త పోయింది. ఫోన్ చేసి ఈ మాట చెబితే బంధువుల్లో చాలామంది "అయ్యో" అన్నారు, ఎప్పుడు తీసుకెళ్తున్నారని అడిగారు, ఆ తర్వాత గొంతు తగ్గించి, "మరి ఆ బండి ఏం జేస్తరు?" అన్నారు. ఆమె ఫ్లాటు గురించి అడగలేదు, బంగారం గురించి అడగలేదు. అందరికీ చెప్పిన జవాబే ఇక్కడా చెబుతున్నాను. అమ్మం. కొనే ఆలోచనతో ఎవరైనా ఇది చదువుతుంటే ఇక్కడే ఆపేయవచ్చు.

అత్త మా నాన్నకు అక్క. ఎర్రమంజిల్‌లో ఒక సర్కారు ఆఫీసులో ట్రేసర్‌గా పనిచేసి రిటైరయింది. ఇంజనీర్లు పెన్సిల్‌తో వేసిన రోడ్ల నక్షాల మీద పల్చటి కాగితం పరిచి, నల్లసిరాతో దిద్దడం ఆమె ఉద్యోగం. మామయ్య చిన్న వయసులోనే పోయాడు. పిల్లలు లేరు. అమీర్‌పేట్‌లో హాస్టళ్ల సందులో ఉన్న పాత అపార్ట్‌మెంట్‌లో మా ఫ్లాటుకు ఎదురు ఫ్లాటు ఆమెది. సెల్లార్‌లో మూలన ఉన్న చోటు ఆమె బండిది. దూర ప్రయాణాల కోసం చేసిన బరువైన మోటారు సైకిలు అది. రెండు పక్కలా సామాను పెట్టెలు, ముందు గాలి కొట్టకుండా అద్దం, వెడల్పాటి సీటు. ఆఫీసులో బదిలీ మీద వెళ్లిపోతున్న ఒక ఇంజనీరు దగ్గర కొన్నది. మేమంతా దాన్ని పెద్దబండి అనేవాళ్లం. నాకు ఊహ తెలిసేసరికే అది పాతబండి.

ఆడమనిషికి అంత బండి ఎందుకని అడిగినవాళ్లకు ఆమె దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. "ఇన్నేండ్ల సంది రోడ్లు గీసుకుంట కూసున్న. గీసినకాడ ఏమున్నదో సూడొద్దా?" అన్నట్టే చూసింది. శ్రీశైలం ఘాట్లు, ఆదిలాబాద్ అడవులు, గోదావరి మీద వంతెనలు. తిరిగొచ్చాక నన్ను కూర్చోబెట్టి చెప్పేది. "ఫలానా మలుపు నేను మంచిగనే గీసిన బిడ్డా. కట్టినోళ్లే గుంజి కట్టిన్రు."

శుభకార్యాల్లో ఆమెకు బొట్టు పెట్టేవాళ్లు కాదు. పెళ్లికి పిలిచినా చివరి వరసలో కుర్చీ చూపేవాళ్లు. దాని గురించి ఆమె ఏడవడం నేను చూడలేదు. "పెండ్లిల్ల నన్ను ఎనక కూసోవెడ్తరు. బండి మీద నేనే ముంగట," అనేది. బంధువుల ఇంట్లో పేరంటం ఉందని తెలిసిన రోజే పెట్టెల్లో బట్టలు సర్దుకుని బయల్దేరేది. మావాళ్లు ఎన్ని పేరంటాలు చేశారో ఆమె అన్ని ఊళ్లు చూసింది.

బండిని తిప్పడం ఒక ఎత్తయితే, దాన్ని నిలబెట్టుకోవడం ఒక ఎత్తు. దాని సామాను తయారు చేయడం ఎప్పుడో ఆగిపోయింది. పంజాగుట్ట వెనక సందులో షెడ్డు ఉన్న మెకానిక్ భాయ్ ఎక్కడెక్కడి నుంచో పాత సామాను ఏరి తెచ్చిపెట్టేవాడు. కానీ అత్త బండిని ఏ షెడ్డులోనూ వదిలేది కాదు. సెల్లార్‌లో పాత చాప మీద కూర్చుని తనే విప్పేది. "మేడం నా షెడ్డుకు బండిని తీస్కరాదు, బండి కాడికి నన్ను తీస్కపోతది," అని భాయ్ మాతో మొరపెట్టుకునేవాడు. మొరపెట్టుకుంటూనే వచ్చేవాడు.

ఆమె పని చేసే పద్ధతి ఇంకెవరి దగ్గరా నేను చూడలేదు. ఇంజను పక్క మూత విప్పాలంటే ముందు ముగ్గుడబ్బా తెచ్చేది. నేల తుడిచి, ఆ మూత ఆకారాన్ని ముగ్గుపిండితో గీసేది. సిరాతో పండిన చేయి, గీత ఎక్కడా వణికేది కాదు. మూత చుట్టూ ఉండే బోల్టులు చూడటానికి ఒకేలా ఉంటాయి గాని పొడవులు వేరు. పొట్టిదాని చోట పొడుగుది బిగిస్తే లోపల పగులుతుంది. అందుకని ఏ బోల్టు విప్పితే దాన్ని ముగ్గులో దాని చోటే నిలబెట్టేది. బిగించేటప్పుడు అక్కడి నుంచే తీసుకునేది. "చేత్తోని తిరిగినంత సేపు చేత్తోనే తిప్పు. పానా ఆఖరికి," అని చెప్పేది. నాకు బండి నేర్పినప్పుడూ అంతే. నెక్లెస్ రోడ్డు మీద పొద్దున్నే దింపి, "కాలు బలంతోని కాదు, మనిషి బరువుతోని కిక్ కొట్టు. బతిమాలకు, భయపడకు," అంది. నేను రెండూ చేశాను. అది స్టార్ట్ కాలేదు.

ఒక దసరాకు ఇలాగే ముగ్గు గీసి, బోల్టులు పేర్చి, చాయ్ తాగడానికి పైకి వచ్చింది. రెండో అంతస్తు ఆడవాళ్లు కిందికి దిగి చూసి, ఇదేదో ఆయుధపూజ అనుకున్నారు. బోల్టు బోల్టుకూ పసుపు రాసి, కుంకుమ పెట్టి, నడుమ బంతిపూలు పరిచి, కొబ్బరికాయ కొట్టి దండం పెట్టుకుని వెళ్లారు. అత్త వచ్చేసరికి బోల్టులు కొబ్బరినీళ్లలో నానుతున్నాయి. వాటిని పెట్రోలులో కడుగుతూ పొట్ట పట్టుకుని నవ్వింది. కడగడం అయ్యాక, "సూసినవా బిడ్డా, నాకు పెట్టనోళ్లు నా బోల్టులకు పెట్టిన్రు," అంది. నాకు నవ్వు రాలేదు. ఇప్పటికీ రాదు.

రిజిస్ట్రేషన్ గడువు తీరినప్పుడల్లా బండిని ఖైరతాబాద్ ఆర్టీవో ఆఫీసుకు తీసుకెళ్లి చూపించాలి. ఆఖరిసారి నేనూ వెనక కూర్చుని వెళ్లాను. పరీక్ష చేసే ఆయన బండి చుట్టూ తిరిగి, ఆమె తెల్లజుట్టు వైపు చూసి, "మస్తు పాతదైంది గదమ్మా. ఇంకెన్ని రోజులు నడుపుతరు?" అన్నాడు.

"నడిచినన్ని రోజులు. పాతదని పారేసుడు మొదలువెడ్తె ముందుగాల నన్ను పారెయ్యాలె సార్. నేను దీనికంటె పాత."

ఆయన నవ్వి, హారన్ కొట్టమన్నాడు, లైట్లు వెయ్యమన్నాడు. అన్నీ పనిచేశాయి. తిరిగొస్తుంటే పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఆగాం. అత్త తల వెనక్కి తిప్పి, "మళ్లొక్కసారి వచ్చేటప్పుడు నువ్వు నడుపు. నేను ఎనక కూసుంట," అంది.

"ఎనక కూసునుడు నీకు ఇష్టం లేదు గదత్తా?"

"నువ్వు ముంగటుంటె వేరే లెక్క," అంది. లైటు పచ్చబడింది.

ఈ వానాకాలం క్లచ్ వైపు మూత దగ్గర నూనె కారుతోందని విప్పింది. ముగ్గు గీసింది, బోల్టులు నిలబెట్టింది. మూతకూ ఇంజనుకూ మధ్య వేసే ప్యాకింగును అట్టలాంటి కాగితం మీద దిద్దుకుని తనే కత్తిరించి, ఇంట్లో క్యాలెండర్ మేకుకు తగిలించింది. బిగించాల్సిన పొద్దున కళ్లు తిరిగి పడిపోయింది. ఆసుపత్రిలో మంచం మీద కూడా అదే ధ్యాస. "ముగ్గు మీద బేసిన్ బోర్లిచ్చిన. ఎవల్నీ తియ్యనియ్యకు," అంది. ఇంటికొచ్చి బిగిస్తానని ఆమెకు గట్టి నమ్మకం. నాకూ అంతే నమ్మకం.

ఇంటికైతే వచ్చింది. మా అపార్ట్‌మెంట్‌లో ఎవరు పోయినా పడుకోబెట్టేది సెల్లార్‌లోనే. ఆమెను ఆమె బండి పక్కనే పడుకోబెట్టారు. పంజాగుట్ట శ్మశానానికి మగవాళ్లతోపాటు నేనూ వెళ్లాను. వద్దన్నవాళ్లున్నారు, వినలేదు. మేము అటు వెళ్లగానే, ఆనవాయితీ ప్రకారం, ఇక్కడ ఉన్న ఆడవాళ్లు నేలంతా కడిగారు. బేసిన్ ఎత్తి చూసి, చావింట్లో ముగ్గేమిటని హడలిపోయి, దాన్ని బకెట్ల కొద్దీ నీళ్లతో కడిగేశారు. బోల్టులన్నీ ఒకే డబ్బాలో పోసి పక్కన పెట్టారు. వాళ్లు చేసింది మంచిపనే అనుకున్నారు. నేను స్నానం చేసి వచ్చి ఖాళీ నేల చూశాను. శ్మశానంలో రాని ఏడుపు అప్పుడొచ్చింది.

మర్నాడు అసోసియేషన్ సెక్రటరీ గారు వచ్చారు. మర్యాదస్తుడు. చెప్పులు బయట విప్పి, గొంతు తగ్గించి మాట్లాడారు.

"మీ బాధ నాకు తెలుసమ్మా. కానీ ఏంటంటే, నడవని బండ్లు సెల్లార్‌లో ఉంచకూడదని రూలు పెట్టుకున్నాం కదా. ఆదివారం మీటింగులో అందరూ అడుగుతారు. పాత ఇనుము వాళ్లతో మాట్లాడాను, వాళ్లే వచ్చి తీసుకెళ్తారు. మీకు శ్రమ ఉండదు."

నాన్న తల ఊపాడు. అక్క పోయిన మనిషి, ఏం చెప్పినా తల ఊపే స్థితిలో ఉన్నాడు. నేను ఊపలేదు.

"నడవని బండ్లే కదండీ మీ రూలు? నడిస్తే?"

"నడిస్తే ఇబ్బందేముందమ్మా, ఉంచుకోండి," అన్నారాయన. నడవదని ఆయనకు గట్టి ధీమా.

ఆదివారం నాటికి దినాలు కాలేదు. ఇల్లింకా మైలలోనే ఉంది. మైల తీరేదాకా ఇంటి ముందు ముగ్గు పెట్టకూడదని మాలో పట్టింపు. పొద్దున్నే మేకు మీది ప్యాకింగు తీసుకుని, చంకలో ముగ్గుడబ్బాతో మెట్లు దిగుతుంటే నాన్న అడ్డంగా నిలబడ్డాడు.

"మైలల ముగ్గు వెయ్యద్దు బిడ్డా. మంది ఏమంటరు?"

"మంది అత్తను బతికుండంగనే అన్నరు గద నాన్నా. ఇంక అనెతందుకు ఏం మిగిలింది?"

ఆయన పక్కకు జరిగాడు. ఒప్పుకుని జరిగాడో, ఓపిక లేక జరిగాడో అప్పుడు నాకు తెలియలేదు.

ఆమె కత్తిరించిన ప్యాకింగును నేల మీద పరిచి, దాని అంచు వెంబడి ముగ్గు పోశాను. నా గీత వణికింది. వణికితే వణకనీ అనుకున్నాను. మెకానిక్ భాయ్ ఇంజన్ ఆయిల్ పట్టుకుని వచ్చి, డబ్బాలోకి తొంగి చూసి తల పట్టుకున్నాడు.

"అన్ని బోల్టులు ఒక్క డబ్బాల ఏసిన్రా? లే అమ్మా, నేను జేస్త."

"వద్దు భాయ్. నేనే జేస్త. తప్పైతె చెప్పు."

ఆయన పెట్రోలు దారి, కార్బురేటర్ శుభ్రం చేసే పని తీసుకుని అటు తిరిగి కూర్చున్నాడు. నేను మూత చేతిలోకి తీసుకుని ఒక్కో రంధ్రంలో ఒక్కో బోల్టు దూర్చి చూశాను. సరైన చోట సరైన బోల్టు పడితే అన్నీ వెనక వైపు సమానంగా పొడుచుకొస్తాయి. పడకపోతే ఒకటి మిడిసిపడుతుంది, ఒకటి ముడుచుకుంటుంది. అత్త చూపించిన ఉపాయమే. తేలినదాన్ని తేలినట్టు ముగ్గులో నిలబెట్టుకుంటూ పోయాను. బంధువుల్లో ఒక పెద్దావిడ మెట్ల మీద నిలబడి, "చావింట్ల ముగ్గేందే?" అంది. "మా అత్త ముగ్గు," అన్నాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పైకి వెళ్లిపోయింది.

బిగించేటప్పుడు ఒక బోల్టు సగంలో మొరాయించింది. మీటింగు జరిగేదీ సెల్లార్‌లోనే, చుట్టూ కుర్చీలు వేస్తున్నారు. పానా పక్కనే ఉంది, ఒక్క గుంజు గుంజితే దిగేటట్టే ఉంది. చేయి అటు పోయింది గాని ఆగింది. చేత్తో తిరగలేదంటే దాని చోటు అది కాదు. వెనక్కి తీసి, పక్కదానితో మార్చాను. రెండూ చివరిదాకా వేళ్లతోనే తిరిగాయి. భాయ్ అటు తిరిగే, "షాబాష్," అన్నాడు.

సెక్రటరీ గారు మీటింగు మొదలుపెట్టి బండి సంగతికి వచ్చేసరికి నేను బండి ఎక్కి ఉన్నాను. కొన్ని కిక్కులు ఉత్తగా పోయాయి. ఎవరో దగ్గారు. కిక్ రాడ్డును మెల్లగా తొక్కుతూ అది గట్టిగా తగిలే చోటు వెతికాను. ఇంజను బిగువు సడలించే చిన్న లివరును హ్యాండిల్ కింద నొక్కి, రాడ్డును ఆ చోటు కాస్త దాటించి వదిలాను. బతిమాలలేదు. భయపడలేదు. లేచి నిలబడి నా బరువంతా వేశాను. సెల్లార్ మొత్తం దద్దరిల్లింది. కుర్చీల్లో ఉన్నవాళ్లు చెవులు మూసుకున్నారు. సెక్రటరీ గారు రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "నడుస్తోందమ్మా, చూశాం, నడుస్తోంది. ఇంక ఆపండి," అన్నారు.

ఆపలేదు. ముగ్గు మీదుగానే పోనిచ్చి ర్యాంపు ఎక్కాను. ఎర్రమంజిల్ దాకా, ఆమె ఆఫీసు గేటు ముందు నుంచి వెళ్లాను. సీటు మీద బాగా ముందుకు జరిగి కూర్చున్నాను. వెనక ఒక మనిషికి చోటు వదిలాను. మళ్లీ వచ్చేటప్పుడు కూర్చుంటానని అంది మరి.

తిరిగొచ్చేసరికి కుర్చీలు ఎత్తేశారు. ఊడ్చే ఆమె బకెట్, చీపురు పట్టుకుని ర్యాంపు దగ్గర నిలబడి ఉంది. నాన్న ఆమెకు ఎదురుగా ఉన్నాడు.

"కడగాల్నా సార్? మీది మైల ఇల్లు గద."

నాన్న కిందికి చూశాడు. వెనక చక్రం తొక్కుకుంటూ పోయిన ముగ్గు ర్యాంపు మీద అచ్చులు అచ్చులుగా పడింది.

"ఉండనియ్యి," అన్నాడు.

సెల్లార్ మూల నుంచి ర్యాంపు మీదుగా, గేటు దాటి, హాస్టళ్ల సందులో కొంత దూరం దాకా, అమీర్‌పేట్ మెయిన్ రోడ్డు వైపు, మా చావింటి ముగ్గు తెల్లగా పోతూ ఉంది.