అద్దాల దుకాణం గోంగూర

ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది కానీ, పెళ్లయిన కొత్తలో నాకు భయపడటానికే రోజంతా సరిపోయేది. కుక్కరు కూస్తే భయం, రోడ్డు దాటాలంటే భయం, అన్నిటికన్నా మా అత్తగారంటే భయం. వాళ్లు ఎప్పుడో గుంటూరు నుంచి వచ్చి సికింద్రాబాదులో, అల్వాల్లో స్థిరపడ్డారు. ఆవిడ మిషన్ స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. (పాపం, నన్నెప్పుడూ ఒక్క మాట అనలేదు. అయినా ఎదురుగా నిలబడితే ఇంటిలెక్కలు చేయకుండా బడికి వెళ్లినట్టే ఉండేది నాకు.) మెయిన్ రోడ్డు మీద అద్దాల తలుపులతో, ఏసీతో సూపర్ మార్కెట్టు కొత్తగా తెరిచిన రోజులవి. మా వీధిలో సగం మంది అటే వెళ్తున్నా ఆవిడ మాత్రం, “పండించిన మనిషి మొహం చూడకుండా కూర కొనడమేమిటి, అమ్మాయ్!” అని ప్రతి శనివారం పొద్దున్నే రైతుబజారుకే వెళ్లేవారు. అక్కడ కూడా మేడ్చల్ అవతలి పల్లె నుంచి గంపతో వచ్చే ఒక అవ్వ దగ్గరే కొనేవారు. అలాంటి ఆవిడ ఒకనాడు స్నానాలగదిలో జారి కాలు విరగ్గొట్టుకున్నారు. కాలికి సిమెంటు కట్టు పడింది, సంచీ నా చేతికొచ్చింది.

మొదటి శనివారం అవ్వను వెతుక్కుంటూ వెళ్లాను. ఫలానా టీచరుగారి కోడల్నని చెప్పుకోవాలి కదా, అంతకంటే ముందే పుట్టింటి అలవాటు కొద్దీ ఒక బెండకాయ తీసి, ముదురో లేతో చూద్దామని కొస విరిచాను. అంతే! “ఏయ్! ఏందీ ఇర్సుడు? నీ ఏలు ఇట్లనే ఇరిస్తే ఊకుంటవా?” అని అవ్వ వేసిన కేకకు బజారంతా నావైపు తిరిగింది. పక్కనున్న వంకాయలాయన తక్కెడ పట్టుకుని అలాగే ఆగిపోయాడు. నేను విరిచిన బెండకాయను గంపలో పెట్టేసి, ఖాళీ సంచీతో పరుగులాంటి నడక నడిచి, ఎక్కడ ఆగానో చూసుకుంటే అద్దాల తలుపుల ముందున్నాను. లోపల ఎవరూ అరవలేదు. అసలు ఎవరూ మాట్లాడనే లేదు. ప్రాణం లేచొచ్చింది.

అక్కణ్నుంచి నా దొంగ బతుకు మొదలైంది. ప్రతి శనివారం అద్దాల దుకాణంలో కూరలు కొని, బస్టాపులో కూర్చుని టమాటాల మీది స్టిక్కర్లు గోటితో గీకి, ఇంటి వెనక గులాబీ కుండీలోని తడిమట్టి క్యారెట్లకు పూసి, అప్పుడు లోపలికి వెళ్లేదాన్ని. “గోంగూరకు వేళ్లేవి, అమ్మాయ్?” అని ఆవిడ అడిగితే, “అవ్వే కోసి ఇచ్చిందండీ, అత్తయ్యగారూ,” అని తల దించుకునేదాన్ని. అంతకంటే ఘోరం భోజనాల దగ్గర జరిగేది. ఆవిడ కళ్లు మూసుకుని, “ప్రభువా, ఈ కూర పండించిన ఆ అవ్వ చేతుల్ని దీవించు,” అని ప్రార్థించేవారు. దీవెన తప్పుడు చిరునామాకు పోతోందని తెలిసి కూడా నేను “ఆమేన్” అనాలి. ఆ ఒక్క ముద్ద దిగడానికి రెండు గ్లాసుల నీళ్లు తాగేదాన్ని.

అయిదో వారమో ఆరో వారమో, గేటు చప్పుడైంది. కిటికీలోంచి చూస్తే గంపతో అవ్వ! నా చేతిలో ఇంకా ప్లాస్టిక్ కాగితం విప్పని చిక్కుడుకాయలున్నాయి. వాటిని బియ్యం డబ్బాలో కుక్కి, హాల్లోకి వచ్చాను. అప్పటికే అత్తగారు, “రా అవ్వా, రా! మా కోడలు వారం వారం నీ దగ్గరికే వస్తోందిగా. రోజూ నీ కూరలే తింటున్నాం,” అంటున్నారు.

అవ్వ నన్ను చూసింది. గుర్తుపట్టింది. బెండకాయ కొస విరిచినప్పటి చూపే అది. నేను గోడకు ఆనుకున్నాను.

“ఆఁ... వస్తది, టీచరమ్మా,” అంది అవ్వ నెమ్మదిగా. “ఈ బిడ్డేనా మీ కోడలు? కండ్లు మసకలైనయ్ నాకు, గుర్తువట్టలే.”

గేటు దాకా సాగనంపడానికి వెళ్తే, నా చెయ్యి పట్టుకుని అడిగింది. “ఎందుకు రాలే, బిడ్డా?”

“మీరంటే భయం, అవ్వా.”

“నేనంటే భయమా!” అని నవ్వి, గంప దించి అరుగు మీద కూర్చుంది. “నాకు సుత భయమే అయింది. దినాం ఒకలు ఆ అద్దాల దుకాణంకే పోతున్నరు. టీచరమ్మ సుత పోయిందనుకున్న, అడుగుదమనే ఇయ్యాల వచ్చిన. మా ముసలాయన భూమి ప్లాట్లోళ్లకు ఇచ్చేద్దమని ఒక్కతీరుగ లొల్లి జేస్తుండు. ఒక్కలన్న నా కూర కోసం వస్తున్నరని జెప్పి ఆపుతున్న. నువ్వు రా, బిడ్డా. ఏమననులే.”

నాకు ఏడుపొచ్చింది. నా భయం ఎంత చిన్నదో అప్పుడు తెలిసింది. వచ్చే శనివారం అందరికంటే ముందే వస్తానని మాటిచ్చాను, వెళ్లాను కూడా.

కథ అక్కడితో ఆగితే బాగుండేది. మా అత్తగారు ఊరుకునే మనిషా? అవ్వ కళ్లు మసకలయ్యాయని ఆ రోజు నుంచే ప్రార్థన మొదలుపెట్టారు. పక్షం తిరక్కుండా, మా పేటలో పెట్టిన కంటి శిబిరానికి అవ్వను నాతో పంపించారు. “నీ అబద్ధం కాయనీకి నా పని ఖరాబాయె,” అని దారి పొడుగునా అవ్వ సణిగింది. పరీక్ష చేసిన డాక్టరు, ఈ వయసులో ఇంత మంచి చూపు చాలా అరుదన్నాడు. ఆ మాట నేనే, బుద్ధిలేక, ఇంట్లో చెప్పాను.

ఆ ఆదివారం మా అత్తగారు కర్ర ఊతంతో చర్చిలో లేచి నిలబడి, మసకలు కమ్మిన ఒక రైతుతల్లి కళ్లకు ప్రార్థనతో చూపు వచ్చిందని సాక్ష్యం చెప్పారు. అందరూ “స్తోత్రం!” అన్నారు. పక్కన కూర్చున్న నేను, పైకప్పు ఏ క్షణాన నెత్తిన పడుతుందోనని చీర కొంగు నలుపుతూ కళ్లు గట్టిగా మూసుకున్నాను.

అత్తగారికి నిజం చివరిదాకా చెప్పలేదు. ధైర్యం చాలలేదు. మొదట్లో ఆవిడంటే భయం. తర్వాతేమో, అంత సంతోషాన్ని పాడుచేయడమంటే భయం. ఆనాడు చర్చి బల్ల మీద కళ్లు మూసుకుని కూర్చున్న ఆ పిల్ల ఇప్పుడు నా పక్కకొస్తే ఏం చెబుతానో తెలియదు గానీ, బహుశా ముందు ఆ కొంగు నలపడం ఆపమంటాను.