సంచి తరుగు

మా తమ్ముడి ఫొటో పేపర్లో నాలుగుసార్లు పడింది. మూడుసార్లు గెలిచినందుకు, ఒకసారి బరువు ఎక్కువైనందుకు. ఊరికి గుర్తున్నది ఆ నాలుగోదే. కూరగాయల బండి దగ్గర కూడా అడుగుతారు, "మీ తమ్ముడే గదమ్మా, ఆ కిలో ఎక్కువొచ్చినాయన?" అని. అవును, మా తమ్ముడే. కానీ ఆ కిలో వాడిది కాదు. అది ఎవరిదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

వాడు డబ్బుకు ఆడే బాక్సరు. మిడిల్‌వెయిట్. అంటే పోటీకి ముందురోజు అందరి ముందూ తూకం ఎక్కినప్పుడు డెబ్బై రెండున్నర కిలోలు దాటకూడదు. పైన ఇంకో డెబ్బై గ్రాములదాకా ఊరుకుంటారు, అంతే. మాదేమో వరంగల్‌లో అడ్తి దుకాణం. నర్సంపేట, నెక్కొండ వైపు నుంచి రైతులు మిర్చి, పల్లి, మక్కలు తెస్తే బాపు తూకం వేసి అమ్మిపెడతాడు. మా ఇంట్లోకి కోడిగుడ్డు కూడా రాదు. అటువంటి ఇంట్లో పుట్టినవాడు గుద్దులాటకు పోవుడేందని చుట్టాలు నవ్విన నవ్వులు నేను మరిచిపోలేదు, మరిచిపోను కూడా. పెళ్లయ్యాక నేను సుబేదారిలో ఉంటున్నాను. పొద్దున పరుగు అయిపోగానే వాడు మా వంటింట్లోకి వచ్చి, నిలబడే ఆరు గుడ్లు తిని, రెండు లవంగాలు నమిలి ఇంటికి పోయేవాడు. అమ్మకు తెలియదని వాడి నమ్మకం. అమ్మకు తెలుసని నాకు తెలుసు.

నేను డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్తాను. వాడి ఫారాలు నింపేది నేను, పోటీలు పెట్టేవాళ్లతో ఫోన్లో మాట్లాడేది నేను. వాడికి వాదించడం రాదు. ఎవరేమన్నా "సరే సార్" అంటాడు. ఇంటికంతా సరిపోయేంత నోరు దేవుడు నాకొక్కదానికే ఇచ్చాడు.

రాష్ట్రస్థాయి మెడల్స్ ఉన్నా స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం రాలేదు. ఇరవై ఆరేళ్లకు ప్రొఫెషనల్ అయ్యాడు. ఆ పేరు వింటే ఏదో గొప్ప అనుకుంటారు. ఫంక్షన్ హాళ్లలో, షాపింగ్ మాళ్ల పార్కింగుల్లో రింగు కట్టేవాళ్లు. ఒకచోటనైతే ముందురోజు పెళ్లి పందిరి పూలు రింగు కింద వాడిపోయి వాసన కొట్టాయి. మొదటి అయిదూ గెలిచాడు. ఆరోది అవతలివాడి సొంత ఊళ్లో పెట్టారు. ముగ్గురు జడ్జీలూ ఆ ఊరి నీళ్లు తాగినవాళ్లే. ఓడిపోయాడు. తర్వాత కుడిచెయ్యి ఎముక విరిగి ఎనిమిది నెలలు కూర్చున్నాడు. మళ్లీ లేచి రెండు గెలిచాడు. అప్పుడొచ్చింది ఫోన్, దేశం ఛాంపియన్ బెల్టు కోసం హైదరాబాద్‌లో పది రౌండ్ల పోటీ ఉందని. వాడికి ముప్పై ఒకటి. ఈ ఆటలో ఆ వయసుకు అటువంటి ఫోన్ రెండోసారి రాదు.

ఎనభై కిలోల నుంచి దిగాలి. ఉప్పు మానేశాడు, అన్నం మానేశాడు. సద్దుల బతుకమ్మ రోజు నేను చేసిన నువ్వుల సద్దిని వాసన చూసి, పళ్లెం మెల్లగా నా వైపు జరిపాడు. ఆ రోజు నాకు బతుకమ్మ ఆడబుద్ధి కాలేదు.

ఇక తూకం సంగతి. హన్మకొండలో వాడి కోచ్ సారు దగ్గర ఒక చిన్న మిషను ఉండేది, ఇళ్లలో కాళ్లు పెట్టి చూసుకునే రకం. అద్దం పగిలి, ముల్లు వణుకుతూ ఉండేది. బాపు దుకాణంలో ఉన్నది పాత ఇనుప కాంటా. కింద పలక, పైన అడ్డంగా ఇనుప కడ్డీ, దాని చివర తూకం రాళ్లు వేసే కొక్కెం. వాడు పొద్దున దాని మీద ఎక్కేవాడు, రాళ్లు వేసి చూసేది నేనే. సాయంత్రం సారు మిషను మీద ఎక్కేవాడు. రెంటికీ ఎప్పుడూ కిలో తేడా. మన కాంటా తక్కువ చూపేది, సారుది ఎక్కువ చూపేది.

సారు తన మిషను మాటే వినాలన్నాడు. నేనూరుకుంటానా? మీది స్నానాల గదిలో పెట్టుకునే బొమ్మ సార్ అన్నాను. మా కాంటాకు ఏటేటా సర్కారు ముద్ర పడుతుంది, నలభై ఏళ్లుగా రైతులు దాన్ని నమ్ముకుని పంట అమ్ముకుంటున్నారు అన్నాను. ఎకనామిక్స్ లెక్చరర్ని కదా, ప్రామాణికత అంటే ఏమిటో ఒక పావుగంట పాఠం కూడా చెప్పాను. ఆయన తువ్వాలతో మొహం తుడుచుకుని ఒక్కటే మాట అన్నాడు.

"అమ్మా, ముద్ర సంగతి నాకు తెల్వది. వాని మొఖంల ఇంకో కిలో కనవడ్తాంది."

నేను నవ్వాను. మొహం చూసి తూకం చెప్పే మిషను కొనుక్కోండి సార్ అన్నాను. అక్కడ బాక్సింగ్ నేర్చుకునే పిల్లలందరూ నవ్వారు. ఆ వాదనలో నేను గెలిచాను.

బయల్దేరిన పొద్దున బాపు కాంటా మీద డెబ్బై రెండు కిలోల నాలుగు వందలు. హోటల్‌కు చేరగానే, పోటీ పెట్టేవాళ్ల మిషను ఖాళీగా ఉంది, ఒకసారి ఎక్కించి చూద్దామన్నాడు సారు. వాడు పడుకున్నాడు, జర లేపకండి, మేము చూసుకునే వచ్చామని నేనే అడ్డుపడ్డాను.

సాయంత్రం తూకంలో డెబ్బై మూడు కిలోల నాలుగు వందలు.

లాగు కూడా విప్పించి, చుట్టూ తువ్వాళ్లు పట్టి మళ్లీ ఎక్కించారు. వంద గ్రాములు తగ్గింది. రెండు గంటలు టైమిచ్చారు. బాత్రూంలో వేడినీళ్లు వదిలి, ఆ ఆవిరిలో రెయిన్‌కోటు తొడుక్కుని వాడు తాడాట ఆడాడు. ఒంట్లో చెమట లేదు. చూయింగ్ గమ్ నములుతూ సీసాలోకి ఉమ్మాడు. ఉమ్మి కూడా రాలేదు. నేను తలుపు బయట నిలబడి వాళ్ల మిషను తప్పని ప్రతి ఒక్కడితో కొట్లాడుతున్నాను. ఎట్లాగో గడువులోపు దిగాడు. పేపర్‌వాళ్లు ఫొటో తీసింది మాత్రం మొదటిసారి ఎక్కినప్పుడు.

మర్నాడు ఆరు రౌండ్లదాకా వాడే ముందున్నాడు. ఇది అక్కగా చెప్పడం లేదు, లెక్క చూసి చెప్తున్నాను. ఏడో రౌండులో కాళ్లు వినలేదు. తాడుకు ఆనుకుని నిలబడిపోయాడు. చేతులు పైకి లేవలేదు. రిఫరీ ఆపేశాడు.

రైల్లో కాజీపేటదాకా వచ్చాం. దిగేముందు వాడు అడిగాడు, "అక్కా, కాంటా సరిగనే జూసినవ్ గదా?" సరిగానే చూశానురా అన్నాను. కోపంగానే అన్నాను.

మర్నాడు పొద్దున బాపు దగ్గరికి పోయాను, కాంటా చెడిపోయిందని గొడవ పెట్టుకోవడానికే. ఆయన ఎవరివో పల్లి బస్తాలు తూకం వేస్తున్నాడు. చూస్తూ నిలబడ్డాను. తూకం రాళ్ల కొక్కేనికి ఒక చిన్న ఇనుప కడియం వేలాడుతూ ఉంది. అది నేను పుట్టకముందు నుంచీ అక్కడే ఉంది. గోనె సంచి బరువు పంటలో కలవకుండా, కిలో తగ్గించి చూపడానికి వేసిన కడియం. మా దుకాణంలో దాన్ని సంచి తరుగు అంటారు. ఆ కాంటా మీదికి సంచి లేకుండా ఏదీ ఎక్కదు కాబట్టి దాన్ని ఎవ్వరూ తీయరు. ఏటా ముద్ర వేసే ఆఫీసరు వచ్చే రోజు మాత్రం తీసి గల్లాపెట్టెలో వేస్తారు, ఆయన పోగానే మళ్లీ తగిలిస్తారు. నాలుగో తరగతిలో ఆ పని నాదే. ముక్కాలిపీట ఎక్కి నా చేతులతో తీసేదాన్ని, తగిలించేదాన్ని. మూడు నెలలు ప్రతిరోజూ ఆ కడియం కిందనే రాళ్లు వేసి తమ్ముడి బరువు చూశాను. కళ్లకు ఆనలేదు.

నా గొంతు మీద నాకు అదుపు పోయింది. కడియం ఉన్న సంగతి ఎందుకు చెప్పలేదని బాపును అందరి ముందూ నిలదీశాను. ఆయన బస్తా దించి, తాపీగా అన్నాడు.

"కాంటా తప్పు గాదు బిడ్డా. వాడు సంచి లేకుండ ఎక్కిండు."

ఇట్లాంటి మనిషితో ఏం వాదిస్తాం?

తర్వాత రెండేళ్లు వాడు పిలిస్తే పోయే బాక్సరయ్యాడు. ఎవరికో దెబ్బ తగిలి తప్పుకుంటే ఆరు రోజుల ముందు వీడికి ఫోన్ వచ్చేది. ఢిల్లీ పోయాడు, బ్యాంకాక్ పోయాడు. మూడు ఓడాడు, ఒకటి గెలిచాడు. నేను మంచి పోటీ అడిగితే ఫోన్లో ఒకడు అన్నాడు, "మేడం, బరువు తప్పినోడికి గింతకన్న ఏమొస్తది?" ఆ ఫోన్లోవాడికి చెప్పాల్సిన నాలుగూ చెప్పాను. చెప్పి ఏం లాభం? పేరు పడిపోయింది.

ఇంట్లో మాత్రం వాడు నన్ను ఒక్క మాటా అనలేదు. పొద్దున్నే వచ్చేవాడు, గుడ్లు తినేవాడు, లవంగాలు నమిలేవాడు, పోయేవాడు. ఒకసారి నేనే ఉండబట్టలేక, తిట్టురా నన్ను అన్నాను. గుడ్డు పెంకు తీస్తూ, "తిడితే కిలో తగ్గుతదా అక్కా?" అన్నాడు. అంతకన్నా వాడు తిట్టినా బాగుండేది.

పోయిన ఎండాకాలం మళ్లీ ఒక మంచి ఫోన్ వచ్చింది. ఎనిమిది రౌండ్ల పోటీ, గెలిచినవాడికి బెల్టుకు ఆడే అవకాశం. వాడికి ముప్పై మూడు నిండాయి. ఈసారి నేను ఎలక్ట్రానిక్ మిషను కొన్నాను. సారుకు చూపించి, ఆయన సరే అన్నాకే బిల్లు తీసుకున్నాను. పాత కాంటా సంగతి మాత్రం ఎత్తలేదు. అనకుండా ఉండటంలో కూడా ఆయనకు ఒక పద్ధతి ఉంది.

బయల్దేరే ముందురోజు తమ్ముడు బాపు కాంటా కూడా ఎక్కుతానన్నాడు. వద్దురా అన్నాను. వినలేదు. మిషను పట్టుకుని నేనూ వెంట పోయాను. బాపు వాడిని కిందికి మీదికి చూసి, మూలనున్న ఖాళీ గోనె సంచి తీసి వాడి భుజం మీద వేశాడు.

"ఇప్పుడెక్కు."

డెబ్బై రెండున్నర. బాపు నా వైపు చూశాడు, చూసినవా నా కాంటా అన్నట్టు. సంచి దింపించి నా మిషను ఎక్కించాను. డెబ్బై రెండు కిలోల ఎనిమిది వందలు. మళ్లీ ఎక్కించాను. అదే. అప్పుడు సంచిని మడిచి ఒక్కదాన్నే మిషను మీద పెట్టాను. ఏడు వందల గ్రాములు. కడియం తీసేది కిలో, అంటే బస్తాకు మూడు వందలు ఎక్కువ.

నెక్కొండ నుంచి మిర్చి తెచ్చిన ఒక పెద్దమనిషి బస్తాల మీద కూర్చుని ఇదంతా చూస్తున్నాడు. బీడీ చెవి సందులో పెట్టుకుని మెల్లగా అన్నాడు.

"ఇరవై ఏండ్ల సంది గదే చెప్తాన గద సేటూ. మాదైతే తరుగు, మీ పిలగానిదైతే తేడానా?"

బాపు తడి సంచైతే కిలో ఉంటదని ఏదో గొణిగాడు. ఆ పెద్దమనిషి ఎండాకాలంలో తడెక్కడిది సేటూ అన్నాడు. సారుతో నేను ఇదే కాంటాను పట్టుకుని చెప్పాను, నలభై ఏళ్లుగా రైతులు నమ్ముతున్నారని. తమ్ముడొక్కడే నవ్వాడు. ఆ మూడు వందలు నిద్రలోనే పోతయి అక్కా, ఫికర్ జెయ్యకు అన్నాడు. పోయాయి కూడా. మర్నాడు మొదటిసారికే తూకంలో నిలిచాడు.

పోటీ ఎనిమిది రౌండ్లూ నడిచింది. వీడి కనుబొమ్మ చిట్లింది, అవతలివాడు రెండుసార్లు కిందపడ్డాడు. ముగ్గురు జడ్జీలు కూడబలుక్కుని సమానం అన్నారు. గెలుపు లేదు, ఓటమి లేదు, బెల్టు లేదు. ఒక మనిషి రెండుసార్లు కిందపడి లేస్తే సమానం ఎట్లా అవుతుందని నేను ఇప్పటికీ అడుగుతున్నాను. వినేవాడు లేడు.

కడియం ఇప్పుడు మా ఇంట్లో, నా బల్ల సొరుగులో ఉంది. నేనే తీసుకొచ్చాను. బాపు వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు సంచిని విడిగా తూచి తీసేస్తున్నాడు, ప్రతి బస్తాకూ గొణుక్కుంటూ.

మొన్న ఫోన్ వచ్చింది. సమానం అయింది కాబట్టి ఆ ఇద్దరికే మళ్లీ పెడతారట, రెండు నెలల్లో. మీవాడు ఇప్పుడెంత ఉన్నాడు మేడం, నిజం చెప్పండి అన్నాడు ఫోన్లోవాడు. ఇంకొకప్పుడైతే ఆ 'నిజం చెప్పండి' మీద అరగంట వాదించేదాన్ని. తమ్ముడు వంటింట్లో గుడ్డు పెంకు తీస్తున్నాడు. రారా అని పిలిచి మిషను ఎక్కించాను.

"డెబ్బై ఎనిమిది కిలోల రెండు వందలు" అన్నాను. "సంచి లేకుండ."