పెద్దబాపు బండికి కొత్త క్యామ్‌లు

మా పెద్దబాపు పోయాడని అన్న ఫోన్ చేసి చెప్పాడు. పొద్దున చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, మంచం మీద అట్లాగే ఒరిగిపోయాడట. నేను ఏమీ అనకముందే అన్న ఇంకో మాట కలిపాడు.

"బండి ముచ్చట ఇప్పుడే తియ్యకు. ముందుగాల ఇంటికి రా."

నేను బండి ఊసే ఎత్తలేదు. ఆ క్షణంలో నాకు గుర్తొచ్చింది ఆయన బొటనవేలి గోరు, ఎంత కడిగినా నల్లగానే మిగిలే దాని అంచు. కానీ మా ఇంట్లో నా గురించి ఒక అభిప్రాయం ఎప్పుడో ఖరారైపోయింది. పెద్దబాపు వెంట నేను తిరిగిందంతా బండి కోసమేనని. చదువయ్యాక రెండు ఉద్యోగాల్లో చేరి రెండూ వదిలేసిన పిల్ల, దేనిమీదా నిలవని పిల్ల, ఒక పాత బండి దగ్గర మాత్రం ఎందుకు నిలిచిందో వాళ్లకు అర్థం కాలేదు. దానికి ఆశ అని పేరు పెట్టుకున్నారు.

ఆయన మా బాపుకు అన్న. పాతబస్తీలో, జహనుమాలో బర్రెల కొట్టం ఉండేది. తెల్లవారి అజాన్ వినబడేసరికి ఆయన బండి గల్లీ మలుపు తిరిగేది, యాకుత్‌పురా దాకా ఇంటింటికీ పాలు పోయడానికి. మిగతా పాలవాళ్లు తేలిక బండ్ల మీద తిరుగుతుంటే ఈయన ఒక్కడే బరువైన క్రూజర్ మోటారుసైకిల్ మీద పోయేవాడు. ఇనుప ఫ్రేముకు రెండు పక్కలా క్యాన్లు వేలాడేవి. ఆ ఫ్రేము వెనక సీటంతా ఆక్రమించేది. ఆ బండి మీద ఇంకో మనిషి కూర్చోవడం నేను చూడలేదు.

ఆయనకొక అలవాటు. బండికి ఏ చిన్న పని చేసినా, చివర్లో ఇంజిన్‌ను స్టాండు మీద నడవనిచ్చి, స్టీలు గ్లాసు నిండా పాలు పోసి ముందు సీటు మీద పెట్టేవాడు. పాలు ఒలికితే పని కాలేదన్నట్టు. అంచు దాకా వలయాలు వలయాలుగా వణికి, చుక్క కూడా కిందపడకపోతే అయిందన్నట్టు. తర్వాత ఆ పాలు నిలబడే తాగేసేవాడు. పెద్దమ్మ వంటింట్లోంచి అనేది, "బండికి పనైన రోజు ఈయనకు అన్నం అక్కరలేదు, పాలతోనే కడుపు నింపుకుంటడు."

ఈ పరీక్ష ఎట్లా మొదలైందో ఆయనే చెప్పాడు. అది చెప్పాలంటే క్యామ్ సంగతి కొంచెం చెప్పాలి. ఇంజిన్ లోపల తిరిగే ఇనుప కడ్డీ అది. దాని మీద కోడిగుడ్డు ఆకారంలో ఒక ఉబ్బు ఉంటుంది. ఆ ఉబ్బు వచ్చి తోసినప్పుడల్లా ఒక వాల్వు తెరుచుకుంటుంది. పెద్దబాపు బండిలో అవి రెండు, లోపలికి గాలీ పెట్రోలూ రావడానికి ఒకటి, పొగ బయటికి పోవడానికి ఒకటి. ఉబ్బు ఎత్తు పెంచితే ఇంజిన్ జోరు మీద ఛాతీ నిండా ఊపిరి తీసుకుంటుంది. మెల్లగా పోయేటప్పుడు మాత్రం ఆయాసపడుతుంది.

వయసులో ఉన్నప్పుడు ఆయనకూ మోజు పుట్టింది. ఎవరో చెబితే రేసు క్యామ్‌లు వేయించుకున్నాడు. రంజాన్ పండుగ ముందు రోజు అది. షీర్ ఖుర్మా పాయసం కోసం ప్రతి ఇంట్లోనూ మామూలు కంటే ఎక్కువ పాలు చెప్పి ఉన్నారు. గల్లీల్లో బండి నిలకడగా నడవదు, ఆగిపోతుంది. ఆగిపోకుండా ఆక్సిలేటర్ తిప్పుతూనే ఉండాలి. కుదుపు మీద కుదుపు. యాకుత్‌పురా చేరి క్యాన్ మూత తీస్తే పైన వెన్న బిళ్లలు తేలుతున్నాయి. రోజూ పాలు పోయించుకునే, ఆయన ఖాలా అని పిలిచే ఒకామె గిన్నెలోకి చూసి, పాలు తెచ్చినవా వెన్న తెచ్చినవా అని అడిగిందట, "క్యా మియా, దూద్ లాయే కి మస్కా?"

"అది ఎండకు కూడా అయి ఉండొచ్చు గదా పెద్దబాపూ" అన్నాను నేను.

"ఎండ నిన్న గూడ ఉండె, మొన్న గూడ ఉండె. వెన్న గా దినమే వచ్చింది."

పండుగ వెళ్లగానే పాత క్యామ్‌లు మళ్లీ వేయించి, ఆ రోజే మొదటిసారి సీటు మీద పాల గ్లాసు పెట్టి చూశాడు. ఆ ఖాలా మాత్రం ఆయన్ని చివరిదాకా మస్కావాలా అనే పిలిచింది. ఆయన కూడా ఆ పేరుకే పలికేవాడు.

నేను ఆయన దగ్గర చేరేసరికి కొట్టంలో బర్రెలు లేవు. పాల రూటు ఆగిపోయింది. బండిని మాత్రం రోజూ తుడిచేవాడు. కొన్నాళ్లుగా ఇంజిన్‌లో టిక్కుటిక్కుమని చప్పుడు, ఫలక్‌నుమా వంతెన ఎక్కుతుంటే రొప్పు. పొగ వైపు క్యామ్ అరిగిందన్నాడు ఆయన. విప్పించి, కొలత పరికరం తెచ్చి నేను రెండూ కొలిచాను. గాలి వైపుది ఇంకా ఎక్కువ అరిగి ఉంది. ఆయన నా చేతిలోంచి పరికరం తీసుకుని, కళ్లద్దాలు పైకి జరిపి, మళ్లీ కొలిచి చూశాడు.

"నిజమే. ఒక్కటి మార్చి కూసుంటుంటి. మంచిగైంది, బిడ్డా."

అక్కడి నుంచి మా లొల్లి మొదలైంది. నాకు రేసు క్యామ్‌లు కావాలి. ఆయనకు కంపెనీవే కావాలి.

"కార్బురేటర్ గదే, పిస్టన్ గదే, సైలెన్సర్ గదే. ఒక్క క్యామ్‌కే రేసు బుద్ధి పెడ్తవా? మిగిలినోళ్లు ఒప్పుకోవాలె గదా."

"అయితే కార్బురేటర్ గూడ మారుద్దాం."

"మార్చు. తర్వాత స్ప్రింగులు మార్చు. తర్వాత పిస్టన్. ఆఖరికి నన్ను గూడ మార్చు."

ఆయన గెలవడానికి వాదించేవాడు కాదు. వాదన ఎక్కడో ఒకచోట వదిలేసి సిగ్గుపడ్డట్టు నవ్వేవాడు. ఒకసారి మాత్రం నవ్వలేదు. "నాది పాల రూటు బిడ్డా. ఆగాలె, లేవాలె, మళ్ల ఆగాలె. దానికి కంపెనీదే కరెక్ట్. నీ రూటేంది? గది చెప్పు, నీ క్యామేందో నేనే చెప్త."

"శ్రీశైలం రోడ్డు" అన్నాను.

"ఒక్కదినం పోతవ్. తెల్లారి?"

మా ఇంట్లో అందరూ ఇదే ప్రశ్న వేరే మాటల్లో అడిగేవాళ్లు, ఎక్కడ పనిచేస్తావు, ఎన్నాళ్లు చేస్తావు అని. వాళ్లు అడిగితే ఒళ్లు మండేది. ఆయన అడిగితే కూర్చుని ఆలోచించాలనిపించింది. ఇంకా ఆలోచిస్తూ ఉండగానే పోయాడు.

దినం నాడు భోజనాలయ్యాక అన్న అందరి ముందూ చెప్పాడు. ఇంజిన్ అయిపోయిందట. హైవే మీద ఒకాయన తన ఢాబా ముందు అలంకారానికి పెట్టుకుంటాడట. ఆదివారం వచ్చి తీసుకుపోతాడట. చుట్టాలంతా నా వైపు చూశారు. అమ్మ పక్కనున్నావిడతో మెల్లగా అంది, "కండ్లల్ల నీళ్లు లేవు జూడు. పానమంతా బండి మీదనే ఉన్నది." నేను గూట్లో బోర్లించి ఉన్న ఆయన స్టీలు గ్లాసును చూస్తున్నాను.

"నన్నెవరన్న అడిగిండ్రా?" అంది పెద్దమ్మ.

అన్న తడబడ్డాడు. "అది నడవది పెద్దమ్మా."

"నేను ఈ ఇంట్ల అడుగుపెట్టినకాడి నుంచి ఆ బండి మీద పాలు కూసున్నయ్, నేను కూసోలె. ఇప్పుడు తీస్కపోయి ఢాబా ముందల నిలవెడ్తరా? నడవకపోతే నడిపియ్యాలె. నడిపిచ్చేది ఇంట్లనే ఉన్నది గదా."

సాయంత్రం చుట్టాలు వెళ్లాక ఆమె పక్కన కూర్చుని అడిగాను, బండి మీద ఎటు పోవాలనుకుందో.

"ఎటు లేదు బిడ్డా. ఆయన దినాం పోయిన దిక్కే. పొద్దుగాల ఆ గల్లీలు ఎట్లుంటయో జూడాలె. ఆయన్ను మస్కావాలా అని పిలిచినామె ఎట్లుంటదో జూడాలె."

మర్నాడు అఫ్జల్‌గంజ్‌లో మేమెప్పుడూ వెళ్లే పార్టుల దుకాణానికి వెళ్లాను. దుకాణం భాయ్ నా వెనక ఎవరైనా వస్తున్నారేమోనని చూశాడు. "బడే భాయ్ నై ఆయే?" అన్నాడు, పెద్దాయన రాలేదా అని. పోయాడని చెప్పాను. చేతిలో ఉన్న డబ్బా కింద పెట్టి లోపలికి వెళ్లాడు. తర్వాత రెండు పొట్లాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకటి రేసుది, ఒకటి కంపెనీది.

"ఈ నడుమ ఒక్కడే వచ్చిండు. పోరి ఏది అడిగితే గదే ఇయ్యి, నా మాట చెప్పి ఆపకు అన్నడు. రేసింగ్‌దే అడుగుతవని గూడ అన్నడు."

"కంపెనీవి ఇయ్యండి భాయ్."

"పక్కానా? ఆయన మీద మొహబ్బత్‌తోటి అంటున్నవా?"

"కాదు భాయ్. రూటు దొరికింది."

క్యామ్‌ల మీద ఆనే టాపెట్లు కూడా కొత్తవే తీసుకున్నాను. అరిగిన టాపెట్ కింద కొత్త క్యామ్ పెడితే దాన్నీ అరగదీస్తుందని ఇద్దరం కలిసే తెలుసుకున్నాం. ఆయన పనిముట్లతో, ఆయన కూర్చునే పీట మీద కూర్చుని, క్యామ్‌లకు నూనె రాసి, గేర్ల మీది గుర్తులు ఒకదానికొకటి కలిసేలా చూసి బిగించాను. అన్న గడప దగ్గర నిలబడి అడిగాడు, "స్టార్ట్ అయితదా అసలు?" మూడో కిక్కుకు అయింది. టిక్కుటిక్కు లేదు.

పెద్దమ్మ గ్లాసు నిండా పాలు తెచ్చి సీటు మీద పెట్టింది. ఎవరూ చెప్పలేదు ఆమెకు. పాల మీద వలయాలు మధ్యలో పుట్టి అంచుదాకా వచ్చి, అక్కడే వణుకుతూ నిలిచాయి. చాలాసేపు చూశాం. ఒక్క చుక్క కూడా ఒలకలేదు.

"పెద్దబాపు మాటే నెగ్గింది" అని ఇంట్లో అనుకుంటున్నారు. అనుకోనీ. ఏడాది తిరగకుండా పెద్దమ్మ బండెక్కి ఊరు తిరగడమేంటని కూడా అంటున్నారు. క్యాన్ల ఫ్రేము విప్పి కొట్టంలో పెట్టాను. వెనక సీటు కుట్టించాను. ఢాబా ఆయనకు రావద్దని ఫోన్ చేశాను. బండి అమ్మడం లేదు. ఆదివారం తెల్లవారి అజాన్ వేళకు పెద్దమ్మా నేనూ యాకుత్‌పురా పోతున్నాం.