మా మామయ్యగారి శాశ్వతానందం

నేను తిరువూరు కోడలిగా వచ్చింది డెబ్భైల మొదట్లో. బెజవాడలో బి.ఏ. చదివాను, అందులోనూ తత్వశాస్త్రం. ఆ చదువు వల్ల నాకు అబ్బిన ఒకే ఒక్క విద్య, ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే లోపల్లోపల నవ్వుకోవడం. మా మామయ్యగారు ఆ విద్యకి చేతినిండా పని కల్పించారు.

ఆయనకి ఊరికి రెండు మైళ్ళ దూరంలో, ఎ.కొండూరు వెళ్ళే రోడ్డు పక్కన మామిడితోట ఉండేది. నేను కాపురానికొచ్చిన రెండో ఏడు బెజవాడ బస్సులోంచి ఒక స్వామి దిగాడు. రైసుమిల్లు పక్క ఖాళీస్థలంలో పందిరి వేశారు. వారం రోజులపాటు సాయంత్రం పూట ఆయన సంసారులకి రోజువారీ పనుల్లోనే శాశ్వతానందం దొరికే దారి చూపిస్తానని ప్రసంగించాడు. వెళ్ళకపోతే బాగుండదని మా ఆయన అంటే నేనూ వెళ్ళాను. గొంతు మంచిదే. చెప్పింది మాత్రం ఒకటే ముక్క. ఏ పని చేస్తున్నా ఇది నాది కాదు, భగవంతుడిది అనుకుని చెయ్యాలట, అప్పుడు ఆనందం మనల్ని వదిలిపొమ్మన్నా పోదట. ఆ ముక్కనే వారం సాగదీశాడు.

స్వామి బస మా ఇంట్లోనే. మూడో రోజు పొద్దున పెసరట్టు అంచు కాస్త మాడిందని పళ్ళెం పక్కకి నెట్టేసి, మొహం ముడుచుకుని కూర్చున్నాడు. మా అత్తయ్యగారు ఇంకోటి పోసుకొచ్చారు. భగవంతుడి పెసరట్టు ఎందుకు మాడిందో ఆ సాయంత్రం ప్రసంగంలో వస్తుందేమోనని చూశాను. రాలేదు.

స్వామి వెళ్ళిపోయాడు గానీ ఆ ముక్క మా ఇంట్లోనే ఉండిపోయింది. ఏ పనీ నాది కాదన్న మాటని మామయ్యగారు అక్షరాలా ఆచరణలో పెట్టారు. తోట వైపు వెళ్ళడం మానేశారు. వసారాలో పడక్కుర్చీ వేయించుకుని, వచ్చే పోయే వాళ్ళకి ఆనందం గురించి చెప్పడం మొదలెట్టారు. వినేవాళ్ళకి కాఫీ ఇస్తారు కాబట్టి వినేవాళ్ళకి లోటు లేదు. అత్తయ్యగారు బావిలోంచి నీళ్ళు తోడుతుంటే, తోడేది నువ్వు కాదు, నీ లోపల ఉన్నవాడు అని కుర్చీలోంచే బోధించేవారు. లోపల ఉన్నవాడు ఎవడో గానీ, చేద లాగి లాగి అరచేతులు కాయలు కాసింది ఆవిడకే.

ఆ పైన ఒక నియమం పెట్టారు. వంట మొదలెట్టే ముందు ఇంట్లో అందరూ ఐదు నిమిషాలు కళ్ళు మూసుకుని కూర్చోవాలి. అందరూ అంటే అత్తయ్యగారూ నేనూ. కళ్ళు మూసుకున్నప్పుడు ఆయన రెప్పలు అదిరేవి, పెదాల మీద ఒక తీపి చిరునవ్వు పులుముకునేవారు. ఆ నవ్వుని నేను అచ్చంగా దింపేదాన్ని. పక్కింటావిడ వస్తే వంటింట్లో పీట మీద కూర్చుని ఆయనలాగే కళ్ళు మూసి చూపించేదాన్ని. ఆవిడ నోట్లో కొంగు కుక్కుకుని నవ్వేది. అత్తయ్యగారు నవ్వేవారు కాదు, కోప్పడేవారూ కాదు. అదీ నాకు చులకనే. మూడో తరగతితో చదువు ఆపేసిన మనిషి, ఈవిడకేం అర్థమవుతుందిలే అనుకునేదాన్ని.

ఆ మరుసటేడు ఎండలు ముదిరాక, కాయ ఇంకా పీచు పట్టకముందు, ఒక మధ్యాహ్నం వడగళ్ళ వాన పడింది. పావుగంట కూడా లేదు. మామయ్యగారు సైకిలు తొక్కుకుంటూ తోటకి వెళ్ళారు. ఏడాది తర్వాత ఆయన తోట మొహం చూడటం అదే. తిరిగొచ్చి మంచమెక్కి గోడవైపు తిరిగారు. రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఇన్ని తోటలుండగా నా తోట మీదే పడాలా అని మాత్రం గొణిగేవారు. నిజానికి ఆ చుట్టుపక్కల అందరి తోటలూ రాలాయి.

నాకు జాలి వెయ్యలేదు. పండగలా అనిపించింది. వంటింట్లో అత్తయ్యగారితో అన్నాను, తోట నాది కాదన్న మనిషి ఇప్పుడు ఎవరి కాయల కోసం ఏడుస్తున్నట్టో అని.

ఆవిడ గంజి వార్చడం ముగించి నావైపు తిరిగారు. "అమ్మాయ్, ఆయన్ని వెక్కిరించడానికే నీకు పొద్దు చాలడం లేదు. నీకంటూ ఎప్పుడన్నా ఓ పూట మిగులుతోందా?"

ఆ మాట అంటూనే ఆవిడ కొంగు బిగించి, బండి కట్టమని పాలేరుకి కబురు పెట్టేశారు. ఇద్దరం తోటకి వెళ్ళాం. చెట్ల కింద కాలు పెట్టే చోటు లేదు. దెబ్బ తిన్న కాయ ఓ పక్క, బాగున్నది ఓ పక్క ఏరి బస్తాలకెత్తించాం. ఇంటికొచ్చి ఆవిడ ఒక కత్తిపీట, నేనొక కత్తిపీట ముందేసుకుని మూడు రోజులు ముక్కలు కోశాం. ఉప్పూ పసుపూ పట్టించి, డాబా మీద పాత చీరలు పరిచి ఒరుగులు ఎండబెట్టాం. సొన తగిలి నా వేళ్ళు పొక్కాయి. భగవంతుడి ప్రస్తావన ఎక్కడా రాలేదు. ఆవిడ మాట్లాడిందల్లా ముక్క మందంగా కోస్తున్నావనో, మబ్బు పడుతోంది చూడమనో. మూడో రోజు సాయంత్రం చేతులు కడుక్కుంటుంటే గుర్తొచ్చింది, పొద్దుటినుంచీ నేను ఎవరినీ వెక్కిరించలేదు, ఎవరి గురించీ అనుకోలేదు. దానికి పేరు పెట్టాలనిపించలేదు. పేరు పెట్టేవాళ్ళ మీద నాకప్పటికే విసుగు.

మామిడికాయ పప్పు వాసనకి మామయ్యగారు మంచం దిగారు.

మళ్ళీ ఏడు స్వామి మళ్ళీ వచ్చాడు. ఆఖరి రోజు వేదిక మీద మామయ్యగారికి కూడా మైకు ఇచ్చారు. ఆయన రాలిన తోట గురించి చెప్పారు. కాయ రాలింది గానీ నా ఆనందం రాలలేదు, ఆ రాలిన కాయల్నే ప్రసాదమనుకుని ఒరుగులు చేసుకున్నాం అన్నారు. పందిరంతా చప్పట్లు. స్వామి చెయ్యెత్తి దీవించాడు. ఆడవాళ్ళ వైపు కూర్చున్న అత్తయ్యగారు కూడా అందరితోపాటు చప్పట్లు కొట్టారు.

చదువుకున్న కోడలని వందన సమర్పణ నాకు అప్పగించారు. నేను స్వామికి చెప్పాను, ఊరివాళ్ళకి చెప్పాను, మైకు కుర్రాడికి కూడా చెప్పాను. చివరికి, మామయ్యగారు గోడవైపు తిరిగి పడుకున్న రోజుల్లో ఆ ఒరుగులు కోసి ఎండబెట్టిన మా అత్తయ్యగారికి నమస్కారం అన్నాను. వెనకాల ఎవరో పకపకా నవ్వారు. స్వామి ఉత్తరీయం సర్దుకున్నాడు. మామయ్యగారు తల వంచుకున్నారు.

ఇంటికొచ్చాక అత్తయ్యగారు మెచ్చుకుంటారనుకున్నాను. ఆవిడ పెరట్లో కాళ్ళు కడుక్కుంటూ అడిగారు.

"పదిమందిలో ఆయన్ని చిన్నబుచ్చావు. నీకేం దక్కింది?"

"సంతోషం," అన్నాను. అబద్ధం ఎందుకు?

"ఎంతసేపుంది?"

ఆలోచించాను. "పందిట్లోంచి ఇంటికొచ్చేదాకా."

"మరి?" అని ఆవిడ చెంబు నా చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయారు.

మామయ్యగారు వానలు పడేదాకా నాతో మాట్లాడలేదు. తర్వాత ఓ రోజు తనే కాఫీ బాగుందన్నారు. ప్రసంగాలు మానలేదు గానీ వాటిల్లో ఒరుగుల సంగతి మళ్ళీ ఎత్తలేదు. నేనూ పెద్దగా మారలేదు. ఆనందం గురించి మైకులో చెప్పేవాళ్ళంటే నాకిప్పటికీ ఒళ్ళు మంటే. కాకపోతే ఆ మంటని వెంటేసుకుని ఇంటికి రావడం తగ్గించాను.

ఆ దశాబ్దం చివర్లో, ఆవిడ జడకి నూనె రాస్తూ ఓసారి అడిగాను, అత్తయ్యా, మీరు ఆనందంగా ఉన్నారా అని. ఒంట్లో ఎలా ఉందని అడుగుతున్నాననుకున్నారు ఆవిడ. మోకాళ్ళు తప్ప అంతా బాగానే ఉందన్నారు. ఆ నూనె కాస్త మోకాళ్ళకీ రాయమన్నారు. రాశాను.