పెద్దమ్మ పది నిమిషాలు

మా ఫ్యాక్టరీలో మనిషిని వదలడానికి ఎన్ని ఇంగ్లీషు మాటలున్నాయో! స్టూలు మీంచి లేవనిస్తే రిలీవ్. సాయంత్రం గేటు తీస్తే రిలీజ్. చేతిలో పని లేకపోతే ఫ్రీ. ఎదురు మాట్లాడితే నోరు లూజు. ఇన్ని మాటలుండీ మా పెద్దమ్మ బాత్రూంకి వెళ్ళడానికి ఒక్కటీ అక్కరకు రాలేదు. నలుగురిలో నోరు విప్పి చెప్పడం నాకు చేతకాదు కాబట్టి రాస్తున్నాను.

పెద్దమ్మ అంటే మా అమ్మకి అక్క. తొమ్మిదో తరగతి మధ్యలో నా చదువు ఆగిపోతే ఈ పనిలో పెట్టించింది ఆవిడే. దగ్గుమందు సీసాలు బెల్టు మీద వరసగా వస్తుంటాయి. ఒకరు మూత బిగిస్తారు, ఒకరు లేబుల్ అంటిస్తారు, ఒకరు పెట్టెలో పెడతారు. మొత్తం ముప్పై మందిమి. బెల్టు ఆగదు. ఎవరైనా లేవాలంటే ఆ స్టూలు మీద ఇంకొకరు కూర్చోవాలి. అలా కూర్చునే మనిషే రిలీవర్. పదకొండేళ్ళుగా ఆ పని పెద్దమ్మది. పొద్దున్న ఎనిమిదికి మొదటి స్టూలు దగ్గర మొదలుపెడితే, మనిషికి పది నిమిషాల చొప్పున, ముప్పయ్యో స్టూలు దగ్గర తేలేసరికి ఒంటిగంట.

ఆవిడ దగ్గరికొస్తుంటే మా మొహాలు వెలిగేవి.

"అక్కా, నిన్ను చూస్తేనే నాకు సగం తీరిపోతుంది" అనేది లేబుళ్ళ పిన్ని.

"మిగతా సగం ఇక్కడ కానివ్వకు తల్లీ, పో" అనేది పెద్దమ్మ.

ముప్పై మంది పనీ ఆవిడకి కొట్టిన పిండే. కానీ సొంత స్టూలు లేదు. అందుకని మా సూపర్‌వైజర్ కళ్ళకి ఆవిడ ఎప్పుడూ ఫ్రీగానే కనబడేది.

ముప్పై పదులు మూడొందలు. అయిదు గంటలకి మూడొందల నిమిషాలు. తొమ్మిదితో ఆగిపోయిన నాకే ఈ లెక్క వచ్చు. ఆ మూడొందల్లో పెద్దమ్మవెన్ని? సున్నా. ఆవిడ పొద్దుటి పూట నీళ్ళు తాగడమే మానేసింది. ఇంటి నుంచి తెచ్చిన సీసా మధ్యాహ్నం దాకా నిండుగానే ఉండేది. అది చూస్తూ కూడా చాన్నాళ్ళు ఊరుకున్నాను.

చివరికి నడుం నొప్పి, చలిజ్వరం. "ఒక కిడ్నీ వాచింది. బాగా నీళ్ళు తాగు, రెండు మూడు గంటలకోసారి వెళ్ళు, లేకపోతే రెండోదీ పోతుంది" అని డాక్టరమ్మ తిట్టి చీటీ రాసిచ్చింది. అది పట్టుకుని పెద్దమ్మ సూపర్‌వైజర్ దగ్గరికెళ్ళింది. నేను వెనక నిలబడ్డాను.

"రిలీవర్‌కి మళ్ళీ రిలీవరా?" అని నవ్వాడు. "నువ్వు ఫ్రీయే కదమ్మా, హాలంతా తిరుగుతూనే ఉంటావు. దార్లో వెళ్ళిరా."

"దారెక్కడుంది బాబూ? ఒక స్టూలు మీంచి లేస్తే ఇంకో స్టూలే."

"అయితే సర్దుకో."

సర్దుకోవాలట! తనకి గది పక్కనే బాత్రూం, తలుపు తీస్తే చాలు.

ఆ మధ్యాహ్నం అన్నాల దగ్గర లేబుళ్ళ పిన్నే ఉపాయం చెప్పింది. "తలా ఇరవై సెకన్లు ముందొచ్చేద్దామే. ముప్పై మందివి కలిపితే అక్కకి పది నిమిషాలు." మర్నాటి నుంచి పరుగున వెళ్ళి, తడి చేతులతోనే పరుగున వచ్చాం. పదిన్నరకి అయిదు నిమిషాలు, ఒంటిగంట ముందు అయిదు. నాలుగు రోజులు పెద్దమ్మ కడుపునిండా నీళ్ళు తాగింది.

అయిదో రోజు గోడ మీద కాగితం అంటించారు. ఇకనుంచి మనిషికి తొమ్మిది నిమిషాలే. మేం తొందరగా రాగలమని సూపర్‌వైజర్ గడియారం పెట్టి మరీ చూశాడట. మిగిలిన అరగంట ఏం చేశాడనుకున్నారు? "ఫ్రీ అయ్యావుగా, అట్టపెట్టెలు మొయ్యి" అన్నాడు పెద్దమ్మతో. మేం పరిగెత్తి మిగిల్చిన సెకన్లు మా చేతుల్లోంచి లాక్కుని ఆవిడ నెత్తినే పెట్టాడు! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ పొద్దున్న నా వంతొచ్చింది. నాది పదహారో స్టూలు, మూతలు బిగించే పని. పెద్దమ్మ మొహం పాలిపోయి ఉంది. నేను లేచాను, ఆవిడ కూర్చుంది. నేను కదల్లేదు.

"పోవే, టైమైపోతుంది."

"నువ్వెళ్ళు పెద్దమ్మా. నా తొమ్మిది నిమిషాలు నువ్వే తీసుకో."

సూపర్‌వైజర్ వచ్చేశాడు. "ఒకరి వంతు ఇంకొకరికి చెల్లదు. పోతే పో, లేకపోతే కూర్చో. నువ్వు పదిహేడో స్టూలుకి నడువమ్మా."

నలుగురిలోనూ అడిగేశాను. "మూడొందల నిమిషాల్లో ఆవిడవెన్ని సార్?"

"ఓహో, మూగదానికీ నోరు లూజైందే!"

నేను తల దించుకున్నాను. పెద్దమ్మ దించుకోలేదు. లేచింది. పదిహేడో స్టూలుకి కాదు, తిన్నగా బాత్రూం వైపు నడిచింది.

"కూర్చో!" అని నా మీద అరిచాడు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. మూతల్లేని సీసాలు ముందుకెళ్ళి ఒకదాన్నొకటి తోసుకుని ఒరిగాయి. మందు బెల్టు మీంచి నేల మీదికి కారింది. లేబుళ్ళ పిన్ని చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆమె పక్కామె కూడా. అతను పరిగెత్తి గోడ మీది ఎర్ర మీట నొక్కాడు.

బెల్టు ఆగిపోయింది. అంత తేలిగ్గా! పదకొండేళ్ళుగా ఆగదు, ఆగదు అన్నారే, మీట నొక్కితే ఆగుతుందని మాతో ఒక్కరూ అనలేదే!

గడియారం చూశాను. సరిగ్గా పది నిమిషాలకి పెద్దమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. సూపర్‌వైజర్ వంక చూడనైనా చూడకుండా పదిహేడో స్టూలు దగ్గర ఆగింది.

"నీ వంతే అమ్మాయ్" అంది. "నిదానంగా వెళ్ళిరా."